ఆ పిల్ల పట్టుకున్న నా ఊపిరి

ఒంట్లో పెద్ద జబ్బు ఉందని తెలిస్తే మనిషికి ముందు భయం వేస్తుందంటారు. నాకు ముందు కుళ్ళు వచ్చింది. అసూయ, ఈర్ష్య లాంటి పెద్ద మాటలు వాడొచ్చు గానీ అవి నాకు వచ్చినదానికి సరిపోవు. రొమ్ములో ఉన్నది క్యాన్సర్ గడ్డేనని డాక్టరు చెప్పిన రోజు, బంజారా హిల్స్ ఆసుపత్రి బయట ఆటో కోసం నిలబడి, దారిన పోతున్న ఆడవాళ్ళందర్నీ చూసి కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. మెడలో ఆఫీసు కార్డులు వేలాడేసుకుని ఐస్‌క్రీమ్ తింటున్న సాఫ్ట్‌వేర్ అమ్మాయిలు, జామకాయల బండి దగ్గర బేరమాడుతున్న లావుపాటి ఆవిడ, ఆ బండి తోసుకునే మనిషి కూడా. వీళ్ళెవరికీ లేనిది నాకెందుకు రావాలి? పక్కన మా ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే ఆయన మీద కూడా మండిపడ్డాను. ఆయనకు ఏడవడానికి తీరిక ఉంది, నాకు లేదు. మధ్యాహ్నం ఫిల్మ్ నగర్‌లో నాకు డబ్బింగ్ ఉంది.

అప్పట్లో మేము శ్రీనగర్ కాలనీలో ఉండేవాళ్ళం. మాదాపూర్ వైపు రాళ్ళగుట్టలు పగలగొట్టి అద్దాల భవనాలు కడుతున్న రోజులు. మా ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసేవారు, పుట్టి పెరిగింది హైదరాబాదులోనే. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చినదాన్ని. నా తెలుగే నాకు తిండి పెట్టింది. హీరోయిన్లు ముంబై నుంచి వచ్చేవారు, వాళ్ళకు ఒక్క ముక్క తెలుగు రాదు. షూటింగులో వాళ్ళు పెదాలు కదిపి వెళ్ళిపోతే, చీకటి గదిలో మైకు ముందు నిలబడి ఆ పెదాలకు సరిపడా మాటలు పోయడం మా పని. ఏళ్ళ తరబడి నేను హీరో చెల్లెలికి చెప్పాను, పక్కింటి పిల్లకు చెప్పాను, కాలేజీ గుంపులో వెనక నిలబడి కిసుక్కున నవ్వే అమ్మాయికి చెప్పాను. చివరికి ఒక కొత్త దర్శకుడు కొత్త హీరోయిన్‌ను తెచ్చి, "ఈ అమ్మాయి నాతో రెండు సినిమాలు చేస్తుందండీ. రెండిటికీ గొంతు మీదే" అన్నాడు. మా పనిలో ఒక హీరోయిన్‌కు ఒక గొంతు అంటుకుందంటే ఇక ఆ అమ్మాయి ఉన్నన్నాళ్ళు మనకు అన్నం ఉన్నట్టే. అందుకే ఆ హీరోయిన్‌ను నేను ఎవరికీ వదలదలచుకోలేదు.

సినిమా మొదటి సగం చెప్పేశాక ఆపరేషన్ జరిగింది. ఎడమ రొమ్ము తీసేశారు, చంకలో గడ్డలు కూడా. ఫిల్మ్ నగర్‌లో మాత్రం పిత్తాశయంలో రాళ్ళు అని చెప్పాను. నిజం చెబితే అక్కడివాళ్ళు నన్ను తరిమేస్తారని కాదు. "అయ్యో, మీరు రెస్టు తీసుకోండమ్మా, మేము చూసుకుంటాం" అంటారు. ఆ చూసుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పూలబొకే మా ఇంటికి, హీరోయిన్ ఇంకొకరికి వెళ్తాయి. మా ఆయన మాత్రం, "ఎందుకీ పరేషానీ? చెప్పేసి ఇంట్ల పండుకో. పానం కన్న పని ఎక్కువనా?" అని రోజూ బతిమాలేవారు. పని లేకపోతే ఈ ప్రాణాన్ని ఏం చేసుకోను అని నేనే గొంతు పెంచేదాన్ని.

కుట్లు పూర్తిగా మానకముందే రెండో సగం చెప్పడానికి వెళ్ళాను. మొదటి సీన్ ఇప్పటికీ గుర్తుంది. హీరోయిన్ వానలో నిలబడి హీరోతో "నేను వెళ్ళిపోతున్నాను, ఇంక నన్ను ఆపకు" అనాలి. ఒక్క ఊపిరిలో చెప్పాల్సిన మాట. నేను గుండెల నిండా గాలి తీసుకోబోయాను. చంక కింద ఎవరో లోపలి నుంచి దారం పట్టి లాగినట్టయింది. "నేను" అన్నాక ఆగిపోయాను. నొప్పి దాటేదాకా పట్టి ఉంచి, మిగిలిన కాస్త గాలితో తక్కినది ముగించాను. తప్పు పోయిందని మళ్ళీ చెప్పడానికి చెయ్యెత్తేలోపే, అద్దం వెనకాల కూర్చున్న దర్శకుడు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

"ఆ గ్యాప్ ఎక్కడ పట్టారండీ! 'నేను' అన్న తర్వాత ఆ ఊపిరి తెగడం ఉంది చూశారూ, నాకు ఒళ్ళు జలదరించింది. ఈ అమ్మాయి మొహంలో లేని బాధంతా అక్కడుంది."

సౌండ్ ఇంజినీరు కూడా తల ఊపాడు. మళ్ళీ వేసి వినిపించారు. నిజంగానే బాగుంది. హీరోయిన్ ఉత్తినే పెదాలు కదిపి నిలబడితే, నా కుట్ల నొప్పి ఆమె కళ్ళలోకి వెళ్ళి కూర్చుంది. ఆయన పొగుడుతుంటే సిగ్గుపడుతున్నట్టు నవ్వాను. "ఏదో, అలా వచ్చేసిందండీ" అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

ఆ దర్శకుడు అక్కడితో ఊరుకున్నా బాగుండేది. సినిమా అంతా హీరోయిన్ అలాగే మాట్లాడాలన్నాడు. అది ఆమె స్టైల్ అన్నాడు. మొదటి సగం కూడా చెరిపేసి, అదే ఊపిరితో మళ్ళీ చెప్పిద్దామన్నాడు. నేను ఆరోగ్యంగా ఉన్నప్పుడు చెప్పిన రీళ్ళన్నీ ఆయనకు చప్పగా వినిపించడం మొదలుపెట్టాయి.

అప్పటికే నాకు కీమో మొదలైంది. మందు ఎక్కించాక కొన్నాళ్ళు మంచం దిగలేను. తరవాత కాస్త తేరుకుంటాను, ఆ మంచి రోజుల్లో వెళ్ళి చెప్పి వచ్చేదాన్ని. నోరంతా పుళ్ళు. ఉప్పునీళ్ళు పుక్కిలించి, రెండు సీన్లు చెప్పి, మళ్ళీ పుక్కిలించేదాన్ని. జుట్టు పోయాక విగ్గు పెట్టుకున్నాను. సినిమా విగ్గులు చేసేవాళ్ళు మాకు పక్కనే ఉన్నారు గానీ, వాళ్ళ దగ్గర కొంటే సాయంత్రానికల్లా ఫిల్మ్ నగర్ అంతా తెలిసిపోతుంది. కోఠీ దాకా వెళ్ళి కొనుక్కొచ్చాను. హెడ్‌ఫోన్స్ పెడితే అది వెనక్కి జారేది. ఒక చెవికే పెట్టుకుని, అలా వింటేనే నాకు లిప్, అంటే తెర మీద పెదాల కదలిక, బాగా అందుతుందని ఇంజినీరుకు చెప్పాను. ఆయన నమ్మాడో లేదో నాకు తెలియదు.

ఇలా ఈడ్చుకుంటూ రెండో సగం పూర్తి చేశాను. మొదటి సగం మళ్ళీ చెప్పే ఓపిక నాలో లేదు, విడుదల దగ్గర పడింది. అప్పుడు డబ్బింగ్ చూసుకునే పెద్దాయన, మొహమాటపడుతూనే, ఒక పిల్లను తీసుకొచ్చాడు.

"మీ గొంతుకు దగ్గరగా ఉందమ్మా. ఆ ఊపిరి ఒక్కటి మీరు పక్కన కూర్చుని నేర్పారంటే ఫస్టాఫ్ ఈ అమ్మాయితో లాగించేద్దాం" అన్నాడు.

ఆ పిల్ల మాదాపూర్‌లో కాల్‌సెంటర్‌లో పనిచేసేది. రాత్రి డ్యూటీ అయిపోయి ఆఫీసు బండిలో తిన్నగా స్టూడియోకి దిగింది. నిద్ర లేదు, అలసట లేదు, మెడలో కార్డు, నడుము దాటిన జడ. సొంత జడ! నా కళ్ళు ముందు అక్కడికే పోయాయి. యూసుఫ్‌గూడలో పుట్టి పెరిగిందట. "నమస్తే అక్కా, మీరు చెప్పిన రీలు విన్న. ఏం చెప్పిండ్రక్కా, పరేషాన్ చేసిండ్రు" అంది. ఆ నోటితోనే మైకు ముందు నిలబడి మా కృష్ణా జిల్లా వాళ్ళు కూడా వంక పెట్టలేనట్టు "ఏంటండీ, అలా చూస్తారేంటి?" అంది. ఫోను మోగితే అమెరికా వాళ్ళకు మల్లే ఇంగ్లీషు మాట్లాడింది. మూడు నోళ్ళున్న మనిషి. నాకున్నది ఒక్కటే, దాని నిండా పుళ్ళు.

టిఫిన్ వేళకు సమోసాలు, వేయించిన పచ్చిమిరపకాయలు తెప్పించారు. ఆ పిల్ల మిరపకాయ కసుక్కున కొరికింది. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న, మెత్తగా పిసికిన పెరుగన్నం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేశాను.

"అక్కా, జర చెప్పుర్రి. 'నేను' అన్నంక ఆగుతరు గదా. గా ఆగుడుల గాలి లోపలికి తీస్తరా, బయటికి ఇడుస్తరా?" అని అడిగింది.

"అది ఏళ్ళ సాధనమ్మా. చెబితే వచ్చేది కాదు" అన్నాను.

సాధన లేదు, పాడూ లేదు. కానీ ఆ పిల్ల నేను చెప్పకపోతే ఆగే రకం కాదు. నా రీలు వేయించుకుని వింది. కళ్ళు మూసుకుని వింది. నేను మంచినీళ్ళకు లేస్తే వింది, కుర్చీలోంచి లేచేటప్పుడు నేను ఎక్కడ ఆగుతానో కూడా వింది. సాయంత్రానికల్లా పట్టేసింది. దర్శకుడికి సరదా పుట్టి, నా టేకు ఒకటి, ఆమె టేకు ఒకటి పక్కపక్కన వేసి, "ఇందులో మీరెవరో చెప్పండమ్మా, చూద్దాం" అన్నాడు. నేను ధైర్యంగా రెండోది నాది అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. అది ఆ పిల్లది.

నేనూ నవ్వాను. లోపల మాత్రం పళ్ళు నూరుకున్నాను. నా రొమ్ము కోయించుకుంటే వచ్చిన ఊపిరి అది. సమోసా తింటూ ఎత్తుకుపోయింది.

ఆ కుళ్ళు నాతోపాటు కీమో గదికీ వచ్చింది. ఆసుపత్రిలో ఒక కౌన్సెలర్ మేడమ్ ఉండేది, మంచం మంచానికీ వచ్చి నెమ్మదిగా పలకరించేది. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, భయంగా ఉంటోందా, దిగులుగా ఉందా అని అడిగేది. ఒకరోజు నాకు విసుగొచ్చి, "మేడమ్, అవన్నీ ఉన్నాయి గానీ, నాకు అందర్నీ చూస్తే కుళ్ళుగా ఉంది. దానికేమైనా మందుందా?" అన్నాను.

ఆవిడ ఏదో అనేలోపే, పక్క మంచం మీదున్న మనిషి కిసుక్కున నవ్వింది. సిద్దిపేట వైపు రైతు కుటుంబం, అంతవరకూ నాతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. "నాకైతే మా తోటికోడలును చూస్తే మండుతదమ్మా. దావత్‌ల మటన్ తిని, గదే వాసన చేతితోని నన్ను చూడనీకి వచ్చింది" అంది. కిటికీ పక్కనున్న జూబ్లీ హిల్స్ ఆవిడ, ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఉండేది, కళ్ళు తెరవకుండానే, "మా వారికి మంచం మీద వాలగానే నిద్ర పట్టేస్తుందండీ. గురక కూడా. దిండు పెట్టి నొక్కేద్దామనిపిస్తుంది" అంది. ఇంక ఒకరి తరవాత ఒకరు అందుకున్నారు. కూతురి జుట్టు మీద ఒకావిడకు, ఆవకాయ అన్నం తినే పనిమనిషి మీద ఒకావిడకు. చేతులకు సూదులు, పైన సీసాలు వేలాడుతుంటే అందరం నవ్వలేక నవ్వాం. నర్సు వచ్చి కసిరింది. కౌన్సెలర్ మేడమ్ కూడా చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ వెళ్ళిపోయింది. ఆ రోజు మందు ఎక్కుతున్నంతసేపూ నాకు వాంతి రాలేదు.

సినిమా విడుదలై బాగా ఆడింది. హీరోయిన్ మాటల విరుపు గురించి అందరూ చెప్పుకున్నారు. నా స్నేహితురాలు ఒకతె ఫోను చేసి, "బస్టాపు సీన్‌లో చంపేశావే!" అంది. బస్టాపు సీన్ మొదటి సగంలోది. థాంక్స్ అని పెట్టేశాను, ఇంకేమంటాను?

రేడియేషన్, అదే కరెంటు పెట్టించుకోవడం కూడా అయిపోయి, మెల్లగా మనిషినయ్యాను. ముందు నాలుకకు రుచి వచ్చింది. మిరపకాయ బజ్జీ తిని కళ్ళ వెంట నీళ్ళు పెట్టుకున్నాను. తరవాత జుట్టు వచ్చింది, చిన్నపిల్లల జుట్టులా ఉంగరాలు తిరిగి. చెయ్యి గోడ మీద పాకించే కసరత్తు చేసి చేసి, చెయ్యి పైకి లేచింది. ఊపిరి ఎప్పుడు బాగుపడిందో మాత్రం నేను గమనించలేదు. రెండో సినిమా డబ్బింగుకు రమ్మని కబురు వచ్చినప్పుడు, విగ్గు లేకుండా, కొత్త చీర కట్టుకుని, రెండు చెవులకూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిలబడ్డాను. మొదటి సీన్‌లో మాట ఇందులోనూ "నేను" అనే మొదలవుతుంది. గంట కొట్టినట్టు చెప్పాను.

అద్దం వెనక నుంచి దర్శకుడి గొంతు వినిపించింది. "బాగుందండీ. కానీ ఆ ఊపిరేదీ?"

మళ్ళీ చెప్పాను. "ఇలా కాదండీ, ఇది చదివినట్టుంది" అన్నాడు. "నేను" అన్నాక కావాలని ఆగాను. నాకే నాటకంలా వినిపించింది. గాలి గుండెల్లోకి ధారాళంగా పోతోంది, ఎక్కడా తట్టడం లేదు. "రేపు ఒకసారి ట్రై చేద్దాం. ఆ అమ్మాయిని కూడా రమ్మంటాను, ఎందుకైనా మంచిది" అన్నాడు. ఆ అమ్మాయి ఎవరో నేను అడగక్కర్లేదు.

ఇంటికి వచ్చి పడకగది తలుపు దగ్గరగా వేసుకుని సాధన మొదలుపెట్టాను. లేని సాధన గురించి గొప్పలు చెప్పుకున్నదాన్ని, ఇప్పుడు నిజంగా చేయాల్సి వచ్చింది. ఎడమచేయి పక్కకు నొక్కిపట్టి, కుట్లు ఉన్న రోజుల్లో ఎలా కూర్చునేదాన్నో అలా వంగి కూర్చున్నాను. నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పాకేదో తలుచుకుని, అక్కడే గాలి ఆపాను. చాలాసేపటికి దొరికింది. "నేను" అన్నాను, తెగింది, పట్టి ఉంచాను. అచ్చంగా అదే.

తలుపు ధడాలున తెరుచుకుంది. మా ఆయన, చేతిలో అట్లకాడతో. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైంది? మల్ల నొస్తున్నదా? డాక్టరుకు ఫోన్ చెయ్యాలా?"

"ఏం లేదండీ. ప్రాక్టీసు."

ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అట్లకాడ మంచం మీద పడేసి గోడకు చేరగిలబడ్డారు. నా మీద ఎన్నడూ గొంతెత్తని మనిషి, ఆ రోజు ఎత్తారు.

"గా ఊపిరి వినుకుంట నేనెన్ని దినాలు పక్క గదిల కూసున్ననో నీకెరుకేనా? ఆగినప్పుడల్ల, మల్ల వస్తదా రాదా అని చెవి పెట్టుకొని కూసున్న. అది నీకు యాక్టింగా? ఇంకొక్కసారి ఈ ఇంట్ల గట్ల ఊపిరి తీస్తివా, నేనీడ ఉండ."

వంటింట్లో దోసె మాడుతున్న వాసన వచ్చింది. ఆయన వెళ్ళి పొయ్యి ఆర్పారు. ఆ తరవాత నేను సాధన చేయలేదు. అలాగని హీరోయిన్‌ను వదులుకోవడానికీ మనసొప్పలేదు. మైకు ముందుకు వెళ్తే అదే వస్తుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

రాలేదు. మైకు ముందు వంగబోతుంటే మా ఆయన ముఖం అడ్డం వచ్చింది. రెండు టేకులు చెప్పి హెడ్‌ఫోన్స్ తీసేశాను. ఆ పిల్ల లోపలికి వెళ్ళింది. నేను అద్దం వెనక దర్శకుడి పక్కన కూర్చుని విన్నాను. బాగా చెప్పింది. కానీ ఒక చోట తేడా ఉంది. ఎవరికీ పట్టలేదు, నాకు పట్టింది. బయటికి వచ్చి నా పక్కన కూలబడి, "ఎట్లుందక్కా? నిజం చెప్పుర్రి" అంది.

"ముందు గాలి ఆపి, తరవాత బాధపడుతున్నావు. అలా కాదు. ముందు నొప్పి వస్తుంది, గాలి అప్పుడు ఆగుతుంది" అన్నాను.

"నొప్పా? ఏం నొప్పి అక్కా?"

తెల్లబోయి చూసింది. దర్శకుడిలాగే ఈ పిల్ల కూడా అదంతా నా విద్య అనుకుంది ఇన్నాళ్ళూ. నేను ఆమె చెయ్యి పట్టుకుని బయట వరండాలోకి తీసుకెళ్ళి మొత్తం చెప్పాను. రొమ్ము, కుట్లు, విగ్గు, పెరుగన్నం డబ్బా, అన్నీ. మనసు విప్పుకుందామని చెప్పలేదు. ఇది విన్నాక ఆ ఊపిరి తీయడానికి ఏ ఆడపిల్లకైనా నోరు రాదని లెక్కవేసుకుని చెప్పాను. ఆమె కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. "మీ ముంగట సమోసాలు తిన్ననే అక్కా" అంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లోపలి నుంచి పిలుపు వస్తే కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది.

"నేను" అంది. ముందు నొప్పి వచ్చింది. గాలి ఆ తరవాత ఆగింది.

గదిలో అందరూ లేచి నిలబడ్డారు. దర్శకుడు అద్దం మీద చేత్తో కొట్టి, "ఓకే! ఇదే!" అని అరిచాడు. ఆ పిల్ల అద్దంలోంచి నావైపు చూసింది, బాగుందా అన్నట్టు. నేను తల ఊపాను. ఊపక ఏం చేయను? నాకే దడ పుట్టేలా చెప్పింది.

కింద గేటు దగ్గర మా ఆయన స్కూటరు మీద ఉన్నారు. "ఎవరు చెప్తున్నరు?" అని అడిగారు. "ఆ పిల్లే" అన్నాను. "మంచిగైంది" అన్నారు. పైగా నవ్వు ముఖం. ఒళ్ళు భగ్గుమంది నాకు.

వెనక కూర్చుని అందుకున్నాను. ఆ పిల్లను తిట్టాను, దాని జడను తిట్టాను, దాని మూడు నోళ్ళను తిట్టాను. రోగిష్టి ఊపిరికి చప్పట్లు కొట్టి, మంచి ఊపిరిని చప్పగా ఉందన్న ఆ దర్శకుణ్ణి తిట్టాను. సొంత నోరు లేని హీరోయిన్‌ను తిట్టాను. పెళ్ళాం పని పోతే పళ్ళికిలించే మొగుణ్ణి తిట్టాను. ఫిల్మ్ నగర్ దిగి జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాకా, పక్క బండ్ల వాళ్ళు తిరిగి చూస్తున్నా, ఎక్కడా ఆపలేదు, ఎక్కడా ఊపిరి తెగలేదు. సిగ్నల్ పడితే తప్ప నాకు మాటలు అయిపోలేదు.

ఆయన స్కూటరు ఇంజన్ ఆపేశారు. వెనక్కి తిరిగారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకా తిట్టు" అన్నారు.